బ్రెయిన్ ఆపరేషన్ పేషెంట్‌ను ఏ డాక్టర్ ఎందుకు చూస్తారు, ఎవరిని ఏం అడగాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నకు తలలో రక్తం చేరి ఆపరేషన్ అయినప్పుడు పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఆ పదకొండు రోజుల్లో ఆయన మంచం దగ్గరికి వచ్చి ఫైలు చూసి వెళ్లిన వాళ్లను లెక్కపెడితే తొమ్మిది మంది తేలారు. ఎవరు ఎవరో తెలియక నేను మత్తు డాక్టర్‌ను పట్టుకుని డిశ్చార్జ్ ఎప్పుడని అడిగాను, ఫిజియోథెరపిస్టును ఆపి స్కాన్ ఎలా వచ్చిందని అడిగాను. ఆ తర్వాత చుట్టాల్లో, తెలిసినవాళ్లలో ఎవరికి తలకు ఆపరేషన్ అన్నా నాకే ఫోన్ వస్తోంది, ప్రశ్నలు కూడా ఇంచుమించు అవే. అందుకే అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. నేను డాక్టర్ని కాను, అటెండర్‌గా కూర్చుని, అడిగి, చదివి తెలుసుకున్నదే ఇది. మీ పేషెంట్ విషయంలో చివరి మాట మీ డాక్టర్‌దే.

న్యూరాలజిస్ట్, న్యూరోసర్జన్ ఒకటేనా? మొదట ఎవరి దగ్గరికి వెళ్లాలి?

మన ఊళ్లలో ఇద్దరినీ నరాల డాక్టరనే అంటాం, గందరగోళం అక్కడే మొదలవుతుంది. న్యూరాలజిస్ట్ మందులతో చూసే డాక్టర్, బోర్డు మీద పేరు పక్కన డీఎం అని ఉంటుంది. న్యూరోసర్జన్ ఆపరేషన్ చేసే డాక్టర్, ఎంసీహెచ్ అని ఉంటుంది. ఫిట్స్, మైగ్రేన్, పార్కిన్సన్స్, పక్షవాతాల్లో ఎక్కువ భాగం న్యూరాలజిస్ట్ చూస్తారు. తలకు దెబ్బ, మెదడులో గడ్డ, రక్తస్రావం, తలలో నీరు చేరడం, వెన్నుపాము మీద ఒత్తిడి లాంటివి న్యూరోసర్జన్ దగ్గరికి వెళ్తాయి.

కానీ మూతి వంకరపోయినా, ఒకపక్క చెయ్యి పడిపోయినా, మాట పోయినా ఏ డాక్టరా అని ఆలోచిస్తూ కూర్చోకండి. ఓపీ చీటీ కోసం కూడా ఆగకండి. 24 గంటలూ సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రి క్యాజువాలిటీకి నేరుగా వెళ్లండి. అది రక్తనాళం మూసుకుపోయి వచ్చిందా, పగిలి వచ్చిందా అన్నది స్కాన్ తీస్తేనే తెలుస్తుంది, బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మూసుకుపోయిన కేసులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను మామూలుగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. పగిలిన కేసులో అదే ఇంజెక్షన్ ప్రాణం తీస్తుంది.

పడి నెల దాటింది, అప్పుడు ఏమీ కాలేదు. ఇప్పుడు నడక తడబడుతోంది. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

ఉంటుంది, ముఖ్యంగా అరవై దాటినవాళ్లలో. మా ఇంట్లో జరిగింది అదే. నాన్న బాత్రూంలో కాలు జారితే తల గోడకు తగిలింది, చిన్న బొప్పి కట్టింది, రెండు రోజుల్లో తగ్గింది, అందరం మర్చిపోయాం. ఐదు వారాల తర్వాత ఒక పొద్దున్న నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు ఊడిపోతోంది, ఊడిన సంగతి ఆయనకు తెలియడం లేదు, చెప్పు గుమ్మం దగ్గరే ఉండిపోతే ఒంటి చెప్పుతో వీధిలోకి వెళ్లిపోయారు. అమ్మ వయసు మీద పడింది కదా అనుకుంది. మర్నాడు చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయారు. అప్పుడు తీసుకెళ్లాం.

వయసుతో పాటు మెదడు కాస్త కుంచించుకుపోతుంది, దాని మీదుగా వెళ్లే సన్నని సిరలు సాగి ఉంటాయి, చిన్న దెబ్బకే ఒకటి చిట్లి రక్తం చుక్కలు చుక్కలుగా చేరుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో ఇంకా ఎక్కువ. దీన్ని క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. పుర్రెకు ఒకటో రెండో రంధ్రాలు పెట్టి ఆ పాత రక్తాన్ని కడిగేస్తారు, అది ఇంజిన్ ఆయిల్ రంగులో ఉంటుందని సర్జన్ చెప్పారు. న్యూరోసర్జరీలో బాగా కోలుకునే అవకాశం ఉన్న ఆపరేషన్లలో ఇదొకటి, అందుకే దీన్ని వయసు అనుకుని వదిలేయడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఓపీలో చూసిన పెద్ద డాక్టరే ఆపరేషన్ చేస్తారా?

నేరుగా అడగండి, తప్పు లేదు. పెద్దాసుపత్రుల్లో, నిమ్స్ లాంటి బోధనాసుపత్రుల్లో ఒక యూనిట్ అంతా కలిసి చేస్తుంది, ఎంసీహెచ్ చదువుతున్న జూనియర్లు కూడా ఉంటారు. రాత్రి రెండింటికి పేషెంట్ కళ్లు తెరవకపోతే ముందు పరిగెత్తుకొచ్చేది కూడా ఆ జూనియర్ డాక్టరే. డ్యూటీలో ఉన్న డాక్టర్ పేరు రాసిపెట్టుకోండి.

మత్తు డాక్టర్ మత్తిచ్చి వెళ్లిపోతారు కదా, ముందురోజు వచ్చి అన్ని ప్రశ్నలు ఎందుకు?

వెళ్లిపోరు. ఆపరేషన్ ఎన్ని గంటలైతే అన్ని గంటలూ పేషెంట్ ఊపిరి, బీపీ, ఒంట్లో నీరు, ఉప్పు అన్నీ వాళ్ల చేతిలోనే ఉంటాయి. బీపీ కాస్త పెరిగితే మెదడు ఉబ్బచ్చు, బాగా పడిపోతే మెదడుకు రక్తం అందదు. ఈ రెండింటి మధ్య పట్టి ఉంచడం అనస్థీషియా డాక్టర్ పని, ఇందులో న్యూరో అనస్థీషియా అని విడిగా చదువుకున్నవాళ్లు కూడా ఉంటారు. ముందురోజు చేసే పరీక్షను పీఏసీ అంటారు. కదిలే పళ్లు, కట్టుడు పళ్లు, ఆస్తమా, గురక, పాత ఆపరేషన్లు, మందు, సిగరెట్, రోజూ వేసుకునే మాత్రలు, నాటు మందులు ఏవైనా ఉంటే అవీ చెప్పేయండి. మామగారి ముందు, పిల్లల ముందు చెప్పడానికి మొహమాటమైతే డాక్టర్‌ను పక్కకు పిలిచి చెప్పండి. రోజూ తాగే అలవాటున్న మనిషికి అది హఠాత్తుగా ఆగితే రెండో మూడో రోజున వణుకు, ఫిట్స్, కలవరింతలు రావచ్చు, అది ఆపరేషన్ వల్ల వచ్చిందో మానేయడం వల్ల వచ్చిందో తెలియక డాక్టర్లు తల పట్టుకోవాల్సి వస్తుంది.

మెలకువగా ఉంచి చేసే ఆపరేషన్లలో మత్తు డాక్టర్ పాత్ర ఇంకా పెద్దది. గడ్డ మాటకు సంబంధించిన భాగం పక్కన ఉంటే పేషెంట్‌తో మాట్లాడిస్తూ, బొమ్మలు చూపించి పేర్లు చెప్పిస్తూ తీస్తారు. 2017లో గుంటూరులో ఒక పేషెంట్‌కు సినిమా చూపిస్తూ గడ్డ తీశారని అన్ని పేపర్లలోనూ వచ్చింది, గుర్తుండే ఉంటుంది. ఇలాంటి ఆపరేషన్ కోసం వేలూరుకో బెంగళూరుకో వెళ్తుంటే ఒక్కటి అడగండి: థియేటర్‌లో తెలుగులో మాట్లాడించేవాళ్లు ఎవరైనా ఉంటారా అని. తెలుగు తప్ప వేరే భాష రాని మనిషిని ఇంగ్లిష్‌లో బొమ్మల పేర్లు అడిగితే ఆ పరీక్షకు అర్థమే లేదు.

ఐసీయూలో సర్జన్ కనిపించడం లేదు, రోజుకో డాక్టర్ మాట్లాడుతున్నారు. మా పేషెంట్‌ను ఎవరు చూస్తున్నట్టు?

ఐసీయూలో గంట గంటకూ చూసేది ఇంటెన్సివిస్ట్, అంటే క్రిటికల్ కేర్ డాక్టర్. వెంటిలేటర్, బీపీ మందులు, ఇన్‌ఫెక్షన్, జ్వరం, ఉప్పు శాతం అన్నీ వాళ్లు చూసుకుంటారు. సర్జన్ రౌండ్స్‌కు వచ్చి మెదడు సంగతి చూసి వెళ్తారు. ఐసీయూ డాక్టర్లు షిఫ్టుల్లో మారతారు కాబట్టి మీకు చెప్పే మనిషి మారుతుంటారు.

వాళ్ల నోట జీసీఎస్ ఎంత అనే మాట తరచూ వినిపిస్తుంది. గ్లాస్గోలో ఇద్దరు న్యూరోసర్జన్లు 1974లో, స్పృహ ఎంత ఉందో కొలవడానికి తయారుచేసిన లెక్క అది. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కాళ్లూ చేతుల కదలికకు 6, మొత్తం 15. అతి తక్కువ 3. ఎనిమిది, అంతకంటే తక్కువైతే ఊపిరికి ట్యూబు వేయాల్సి వస్తుందేమోనని జాగ్రత్త పడతారు. డాక్టర్ వచ్చి పేషెంట్ భుజం దగ్గర గట్టిగా నొక్కడం, గిల్లడం చూసి మా అమ్మ ఏడ్చేసింది. పిలిస్తే పలకని మనిషి నొప్పికైనా కదులుతున్నాడా, ఆ చేతిని వెతుక్కుంటూ తన చెయ్యి తెస్తున్నాడా అన్నది చూడటానికే అలా చేస్తారు. మీరు రోజూ అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: నిన్న జీసీఎస్ ఎంత, ఇవాళ ఎంత, మత్తు మందు నడుస్తోందా, ఆపారా? మత్తు నడుస్తుంటే ఆ అంకెను చూసి భయపడాల్సిన పని లేదు.

తల వైపు మంచాన్ని 30 డిగ్రీలు ఎత్తి ఉంచుతారు, మెదడులో ఒత్తిడి తగ్గడానికి. ఇబ్బందిగా ఉందేమోనని మీరు దిండ్లు సర్దకండి, సిస్టర్‌ను పిలవండి. కంటిపాప ఒకపక్క పెద్దదయిందని మొదట గమనించేది చాలాసార్లు ఆ సిస్టరే, గంట గంటకూ టార్చి వేసి చూసి చార్టులో రాసేది ఆమే.

గుండె డాక్టర్, షుగర్ డాక్టర్, కిడ్నీ డాక్టర్... ఇంతమంది బిల్లు కోసమేనా?

ఒక్కో విజిట్‌కు ఒక్కో ఛార్జి పడుతుంటే ఆ అనుమానం రావడం సహజం. ఈ డాక్టర్ ఎందుకు వచ్చారు, ఏం మార్చారు అని అడిగే హక్కు మీకు ఉంది. కానీ మెదడు ఆపరేషన్‌లో వీళ్ల అవసరం నిజమే. వాపు తగ్గడానికి ఇచ్చే స్టెరాయిడ్ వల్ల షుగర్ అమాంతం పెరుగుతుంది. మెదడులో ఒత్తిడి తగ్గించే మానిటాల్ అనే మందు ఎక్కిస్తే కిడ్నీల మీద కన్నేసి ఉంచాలి. సోడియం పడిపోతే మనిషి మత్తుగా అయిపోతాడు, ఫిట్స్ వస్తాయి.

గుండె డాక్టర్ సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. మా నాన్నకు స్టెంట్ ఉంది, రక్తం పలచబడే మాత్రలు రెండు వాడేవారు, ఆపరేషన్ కోసం ఆపారు. డిశ్చార్జ్ కాగితంలో మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఒక్క ముక్క లేదు. సర్జన్‌ను అడిగితే కార్డియాలజిస్ట్‌ను అడగమన్నారు, ఆయన్ని అడిగితే న్యూరో వాళ్లు ఒప్పుకుంటే మొదలుపెట్టండి అన్నారు. మొదలుపెడితే తలలో మళ్లీ రక్తం చేరుతుందేమో, పెట్టకపోతే స్టెంట్ మూసుకుపోతుందేమో అని మూడు రోజులు నిద్ర లేదు. చివరికి ఓపీలో సర్జన్ ముందు కూర్చుని, మీరిద్దరూ ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడుకోండి సార్, నేను బయట ఎంతసేపైనా ఆగుతాను అని బతిమాలాను. రెండు నిమిషాల్లో తేలిపోయింది, ఏ తేదీన ఏ మాత్ర అన్నది చీటీ మీద రాసిచ్చారు. మీరు మాత్రం డిశ్చార్జ్ కాకముందే రాయించుకోండి. ఒక డాక్టర్ ఇంకో డాక్టర్ మీదికి తోస్తే ఇద్దర్నీ మాట్లాడించడం మన పనే అవుతుంది.

ముక్కులోంచి మెదడు ఆపరేషన్ అంటున్నారు, నిజమేనా?

నిజమే. పిట్యూటరీ గ్రంథి మెదడు అడుగున, ముక్కు వెనకాల ఉంటుంది. ఈఎన్‌టీ సర్జన్ ఎండోస్కోపుతో దారి చేస్తే న్యూరోసర్జన్ గడ్డ తీస్తారు. ఎండోక్రైనాలజిస్ట్ హార్మోన్లు చూస్తారు, కంటి డాక్టర్ చూపు అంచులు ఎంత పోయాయో ముందూ వెనకా పరీక్షిస్తారు. ఆపరేషన్ తర్వాత మూత్రం కొలవమని సిస్టర్లు వెంటపడతారు, ఒక్కో కేసులో లీటర్లకు లీటర్లు పోతుంది, కాబట్టి బాత్రూంకి వెళ్లిన ప్రతిసారీ కొలపాత్ర వాడండి. ముక్కులోంచి నీళ్లలా కారుతుంటే జలుబు అనుకోవద్దు, వెంటనే చెప్పండి.

రక్తనాళం ఉబ్బి పగిలింది, తల తెరవకుండా తొడ నుంచి వైరు పంపుతామంటున్నారు. అది చేసేది ఎవరు?

ఇంటర్వెన్షనల్ న్యూరోరేడియాలజిస్ట్. కొందరు న్యూరోసర్జన్లు, న్యూరాలజిస్టులు కూడా ఈ శిక్షణ తీసుకుని చేస్తున్నారు. తొడ దగ్గరో మణికట్టు దగ్గరో రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి ఉబ్బిన చోటును ప్లాటినం చుట్టలతో నింపుతారు, దీన్ని కాయిలింగ్ అంటారు. తల తెరిచి ఆ ఉబ్బు మొదట్లో క్లిప్ పెడితే క్లిప్పింగ్. మీ కేసుకు ఏది, ఎందుకు అని ఇద్దరినీ కలిపి అడగగలిగితే చాలా మంచిది. ఏది చేసినా తర్వాతి రెండు వారాలు జాగ్రత్తే, నాళాలు ముడుచుకుపోయి పక్షవాతం రావచ్చు, సాధారణంగా నాలుగో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా ఆ భయం ఉంటుంది. నిమోడిపిన్ అనే మాత్ర 21 రోజులు రాస్తారు, టైం తప్పకుండా వేయించండి.

మెదడులో గడ్డ అన్నారు. క్యాన్సర్ డాక్టర్ దగ్గరికి వెళ్లాలా?

ఆగండి, గడ్డ అనగానే క్యాన్సర్ కాదు. మన దేశంలో టీబీ గడ్డలు, బద్దెపురుగు గుడ్ల వల్ల వచ్చే తిత్తులు కూడా స్కాన్‌లో గడ్డల్లానే కనిపిస్తాయి, వాటిలో చాలా వరకు న్యూరాలజిస్ట్ మందులతోనే తగ్గుతాయి. ట్యూమర్ అయినా, మెదడు పొరల నుంచి పెరిగే మెనింజియోమా లాంటివి ఎక్కువ శాతం క్యాన్సర్ కావు.

తేల్చేది ప్యాథాలజిస్ట్. పేషెంట్‌ను ఒక్కసారి కూడా చూడకపోయినా తర్వాతి వైద్యమంతా ఆయన రిపోర్టు మీదే నడుస్తుంది. రిపోర్టుకు వారం పట్టచ్చు, జన్యు పరీక్షలు కలిస్తే ఇంకా ఎక్కువ, ఆ వారమే అన్నిటికంటే భారంగా ఉంటుంది. తర్వాత అవసరమైతే రేడియేషన్ ఆంకాలజిస్ట్, కీమో ఇచ్చే మెడికల్ ఆంకాలజిస్ట్ వస్తారు. వీళ్లందరూ కలిసి కూర్చునే ట్యూమర్ బోర్డు మీ ఆసుపత్రిలో ఉందేమో అడగండి. గడ్డ ముక్కల్ని మైనంలో పెట్టిన దిమ్మెలు, స్లైడ్లు ఆసుపత్రి భద్రపరుస్తుంది, రెండో అభిప్రాయం కావాలంటే వాటిని అడిగి తీసుకెళ్లచ్చు.

పిల్లల తలలో నీరు చేరితే?

పీడియాట్రిక్ న్యూరోసర్జన్ దొరికితే మంచిది, తోడుగా పిల్లల డాక్టర్, కంటి డాక్టర్ ఉండాలి. నీటిని తల నుంచి కడుపులోకి పంపే షంట్ వేశాక, బిడ్డకు వాంతులు, విడవని ఏడుపు, మత్తు, జ్వరం ఏది వచ్చినా ముందు షంట్ సరిగా పనిచేస్తోందా అని చూపించండి. అజీర్తి అని ఇంటి వైద్యం చేయకండి.

వెన్నెముక ఆపరేషన్ న్యూరో వాళ్లతోనా, ఆర్థో వాళ్లతోనా?

డిస్క్ జారడం లాంటి మామూలు కేసులు ఇద్దరూ చేస్తారు, చేసిన అనుభవం చూడండి. వెన్నుపాము లోపల గడ్డ అయితే న్యూరోసర్జనే. నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ ఊళ్లలో పెరిగినవాళ్లైతే ఆ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. ఫ్లోరోసిస్‌లో ఎముకలు మందమై, లిగమెంట్లు గట్టిపడి వెన్నుపామును నొక్కుతాయి. దీని మీద హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజా రెడ్డి ఏళ్ల తరబడి పరిశోధన చేశారు.

ఆపరేషన్ అయిపోయింది కదా, ఫిజియో, స్పీచ్ థెరపీ అంత అవసరమా?

అవసరమే. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా నష్టపోతున్నారు, ఆపరేషన్‌కు లక్షలు పెట్టి తర్వాత రోజుకు ఒక గంట ఫిజియో దగ్గర ఆపేస్తారు. ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది. చెయ్యి ముద్ద కలపడం, కాలు మెట్టు ఎక్కడం మాత్రం నెలల తరబడి చేయిస్తేనే వస్తుంది. ఫిజియాట్రిస్ట్ అనే డాక్టర్ దీన్నంతా కలిపి చూస్తారు, పీఎంఆర్ (ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్) విభాగం ఎక్కడుందో అడగండి. ఫిజియోథెరపిస్ట్ నడక చూస్తే, ఆక్యుపేషనల్ థెరపిస్ట్ గుండీలు, స్నానం, సంతకం లాంటివి నేర్పిస్తారు.

స్పీచ్ థెరపిస్ట్ అంటే మాట కోసమే అనుకున్నాను నేను. మింగడం పరీక్షించేది కూడా వాళ్లే. మాకు వచ్చిన థెరపిస్ట్ అమ్మాయి మా నాన్నను నిటారుగా కూర్చోబెట్టి, ఒక్క చెంచా నీళ్లు నోట్లో పోసి, గొంతు మీద రెండు వేళ్లు ఆనించి, ‘ఆ’ అనమంది. గొంతులో నీళ్లు గరగరలాడినట్టు తడిగా వినిపించింది. దగ్గు రాలేదు, మాకైతే బాగానే మింగారనిపించింది, కానీ ఆ అమ్మాయి చెంచా పక్కన పెట్టేసి, నీళ్లు ఊపిరితిత్తుల వైపు పోతున్నాయండీ, ఇంకో మూడు రోజులు ముక్కు పైపే ఉండనివ్వండి అంది. నేను ఆ ఉదయమే సిస్టర్ చూడకుండా కాఫీ పట్టబోయాను. పక్క మంచం పెద్దాయనకు అలాగే నిమోనియా వచ్చింది. ప్రేమకొద్దీ ఏదీ పట్టకండి, అడిగి పట్టండి.

మనిషి బతికాడు కానీ మారిపోయాడు, ఊరికే కోప్పడుతున్నాడు. ఎవరికి చూపించాలి?

నుదుటి వెనక భాగానికి దెబ్బ తగిలితే కోపం, మొండితనం, సిగ్గు లేకుండా మాట్లాడటం, ఏ పనీ మొదలుపెట్టకపోవడం కనిపిస్తాయి. అది దెబ్బ లక్షణం, పొగరు కాదు. సైకియాట్రిస్ట్, క్లినికల్ సైకాలజిస్ట్ ఇద్దరూ సాయం చేస్తారు. ఫిట్స్ మందుల్లో లెవెటిరాసెటమ్ వల్ల కూడా కొందరికి చిరాకు పెరుగుతుంది, సొంతంగా ఆపకుండా న్యూరాలజిస్ట్‌కు చెప్పండి.

బ్రెయిన్ డెడ్ అన్నారు. ఎలా నమ్మాలి?

ఈ ప్రశ్న అడిగిన స్నేహితుడికి ఫోన్‌లో సమాధానం చెప్పలేక వెళ్లి పక్కన కూర్చున్నాను. కోమా వేరు, బ్రెయిన్ డెత్ వేరు. కోమాలో మెదడు కొంతైనా పనిచేస్తుంటుంది. బ్రెయిన్ డెత్‌లో తిరిగి వచ్చే దారి లేదు, మిషన్ మీద గుండె మాత్రం కొన్నాళ్లు ఆడుతుంది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి సంతకాలు చేయాలి. మార్పిడి చేసే బృందంలోని వాళ్లు ఆ నలుగురిలో ఉండకూడదు. రెండు పరీక్షల ఫలితాలు చూపించమని అడగండి, చూపిస్తారు. ఆ తర్వాత జీవన్‌దాన్ (ప్రభుత్వ అవయవదాన కార్యక్రమం) సమన్వయకర్త వచ్చి అవయవదానం గురించి మాట్లాడతారు, ఒప్పుకోవాలా వద్దా అన్నది పూర్తిగా కుటుంబం ఇష్టం, ఎవరూ తొందరపెట్టకూడదు.

ఆరోగ్యశ్రీలో ఇవన్నీ వస్తాయా?

న్యూరోసర్జరీ ప్యాకేజీలు చాలానే ఉన్నాయి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన పథకం ఇప్పుడు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. అడ్మిషన్ కాగానే హెల్ప్ డెస్క్‌లో కూర్చునే మిత్ర (ఆ పథకం తరఫు ఉద్యోగి) దగ్గరికి వెళ్లి, ప్యాకేజీలో ఏది కలిసి ఉంది, ఏది మన జేబులోంచి అని అడగండి. డబ్బు కట్టేశాక అడిగితే చాలా కష్టం.

ఇంటికి వచ్చాక ఏమైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి?

ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడి ఉన్నా, వాంతులతో తలనొప్పి పెరుగుతున్నా ఫోన్లు చేస్తూ కూర్చోకండి, 108 పిలిచి క్యాజువాలిటీకి వెళ్లండి. కుట్ల దగ్గర తడి, ఎరుపు, జ్వరం ఉంటే అదే రోజు సర్జన్ యూనిట్‌కు చెప్పండి. పుర్రె ఎముక తీసి పెట్టినవాళ్లను (కొందరికి దాన్ని కడుపు చర్మం కింద దాస్తారు, మళ్లీ పెట్టేదాకా అక్కడే ఉంటుంది) ఆ వైపు పడుకోబెట్టకండి, ఎముక లేదని దిండు పైన గోడకు పెద్ద అక్షరాలతో రాసి అతికించండి, చూడ్డానికి వచ్చిన ప్రతి చుట్టం తల నిమరబోతాడు. డిశ్చార్జ్ రోజున బిల్లు కౌంటర్‌కు వెళ్లే ముందు వార్డు సిస్టర్ దగ్గర రాత్రిపూట పనిచేసే ఫోన్ నంబర్ తీసుకోండి. అక్కడే నిలబడి ఒకసారి డయల్ చేసి, మోగుతోందో లేదో చూసుకుని బయల్దేరండి.